తాత దున్నిన ఫర్లాంగు

మొన్న వేసవిలో మా తమ్ముడి ఇంటికి పోయినప్పుడు, పెరట్లో వాడి కోడలు బట్టలు ఉతుకుతున్న బండ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. రెండడుగుల రాయి. ఒక కొస గుండ్రంగా చెక్కి ఉంది. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి కింద నాలుగు ఇటుకలు పెట్టుకున్నారు. బట్టలుతికే బండకు కొస గుండ్రంగా చెక్కాల్సిన పనేముంది? కొంగు నడుముకు దోపుకుని, వంగి, సబ్బు నురగ కిందా పక్కలా వేళ్లతో తడమడం మొదలుపెట్టాను. ఆ పిల్ల కంగారుపడి లేచి నిలబడింది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషికి ఉన్నట్టుండి ఏమైందోనని ఆమె భయం.

"ఏందక్కా, బండను అట్ల తడుముతుండావు? ఉంగరమేమన్నా జారిపోయిందా?" అని తమ్ముడు వచ్చాడు.

"ఇది యాడిదిరా?"

"రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీతో పెరికి పారేసినారు. మంచి రాయి గదా అని ట్రాక్టర్లో ఏసుకొచ్చినా."

వాడి చేత దాన్ని పక్కకు దొర్లించాను. నేల వైపున్న ముఖం మీద సున్నం ఇంకా పొరలు పొరలుగా అంటుకుని ఉంది. నీళ్లు చల్లి గోటితో గీకితే లోపలి నుంచి నల్లగా మూడు అంకె బయటపడింది. ఆ మూడు వంపు నాకు తెలుసు. కింది పొట్ట పెద్దది, పై పొట్ట చిన్నది, అచ్చం మా నాయన రాసిన మూడు. నాకు నవ్వాగలేదు. తడి నేలమీదే కూర్చుని నవ్వాను. "మీ అత్తకు బండలు కూడా చుట్టాలే అమ్మా" అని తమ్ముడు కోడలికి సర్దిచెప్పాడు. వాడు తెలియక అన్నాడు గానీ, ఆ రాయి నాకు నిజంగానే చుట్టం. నేను హైస్కూలుకు పోవడమనేది ఆ రాయి దగ్గరే తేలింది.

ఇప్పటి పిల్లలకు ఫర్లాంగు రాయంటే చూపించి చెప్పాల్సిందే. మైలుకు ఎనిమిది ఫర్లాంగులు. మైలు దగ్గర పెద్ద రాయి, దాని మీద ఊరి పేరు. రెండు మైలురాళ్ల నడుమ ఏడు చిన్న రాళ్లు, వాటి మీద వట్టి అంకెలు. మా నాయన రోడ్డు గ్యాంగులో పనిచేసేవాడు. మా ఊరి నుంచి తర్లుపాడు వైపు పోయే రోడ్డులో కొంత భాగం ఆయన కిందే ఉండేది. గుంటలు పూడ్చడం, తుమ్మకంప కొట్టడం, వానకు కోసుకుపోయిన అంచులకు మట్టి పోయడం ఆయన పనులు. ఏడాదికొకసారి పెద్ద ఇంజనీరు వస్తాడన్న కబురు రాగానే మా ఇంట్లో కుండలో సున్నం నానేది. రాయి సున్నం మీద నీళ్లు పోయగానే అది బుసబుసమని ఉడికి, వేడివేడి తడి వాసన ఇల్లంతా కమ్ముకునేది. ఇప్పటికీ ఎక్కడన్నా కొత్తగా సున్నం కొట్టిన గోడ పక్కగా పోతే, ఆ వాసనకు నాకు ఆకలి పుడుతుంది. సున్నం కొట్టే రోజు అవ్వ, అంటే నాయన తల్లి, రోడ్డు దగ్గరికే సంగటీ గోంగూర పచ్చడీ తెచ్చేది కదా, అందుకు.

నాయనకు చదువు రాదు. ఏడు అంకెల ఆకారాలు మాత్రం చేతికి వచ్చు. ఆ రాళ్ల మీదే నాకూ అంకెలు నేర్పాడు. బడిలో చేరేనాటికి నేను ఒకటి నుంచి ఏడు దాకా గడగడా రాసి, ఆ తర్వాత మళ్లీ ఒకటి రాసేదాన్ని. ఏడు తర్వాత ఏముంటుందని సుగుణమ్మ టీచరు అడిగితే "మైలు" అన్నానట. టీచరు ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఎనిమిదీ తొమ్మిదీ నాకు చానా ఆలస్యంగా వంటబట్టాయి.

రాళ్ల మీద ఫర్లాంగు ఎంత కచ్చితమైనా మా జనం నోట్లో దానికి ఒక కొలతంటూ ఉండేది కాదు. ఎండన పడి వచ్చిన బాటసారి "ఇంకెంత దూరమన్నా?" అని అడిగితే "ఎంతో లేదు, ఫర్లాంగే" అనాలి. అది మర్యాద. కొనకనమిట్ల పోవాలన్నా ఫర్లాంగే, మార్కాపురం పోవాలన్నా ఆ మలుపు తిరిగితే ఫర్లాంగే. అలిసిన మనిషికి నిజం చెప్పి కాళ్లు విరగ్గొట్టడం మావాళ్లకు ఇష్టముండేది కాదు. ఒక్క మా నాయనకే ఇది గిట్టేది కాదు. కొలత గొలుసు పట్టి రోడ్డును కొలిచినవాడు కదా! ఎవరన్నా ఫర్లాంగే అన్నారంటే, "కాదు, పదకొండు ఫర్లాంగులూ చిల్లర" అని అడ్డం పడేవాడు. ఆ బాటసారి ముఖం వాడిపోయేది. అవ్వ తల కొట్టుకునేది. "నీళ్లు ఇచ్చి పంపేదానికి లేదు గానీ లెక్కలు చెప్తాడు సూడు" అని సణిగేది.

ఇక మా తాత. పేరు దావీదు. ఆదివారం ప్రార్థనలో కూర్చున్నా ఆయన ధ్యాసంతా ఎద్దుల మీదే ఉండేది. ఎర్రోడు, మచ్చోడు అని జత. తాతకు ఉన్న నేల రెండెకరాలు, అది కూడా నాలుగు చోట్ల నాలుగు ముక్కలు. ఏ ముక్కలోనూ నాగటి సాలు సాగదు. ఎద్దులు నడక అందుకునేసరికి గట్టు అడ్డం వస్తుంది. మళ్లించు, మళ్లీ నడిపించు, మళ్లీ గట్టు. "నా ఎద్దులకు నడకుంది, నా చేనుకు లేదు" అని వాపోయేవాడు. పక్కన పెద్ద రైతుల పొడవాటి చేలను చూసినప్పుడు ఆయన కన్ను పడేది ఆ పంట మీద కాదు, ఆ సాళ్ల పొడవు మీద. నాగలి వెనక కంది గింజలు వేసుకుంటూ నడిచే పని నాది. నాకు ఆరేళ్లు వచ్చినప్పటి నుంచీ ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఒడిలో గింజలు పోసుకుని, జానకొకటి చొప్పున సాలులోకి జారవిడుస్తూ, పాదంతో మట్టి తోసుకుంటూ పోవాలి. "పాప చేయి వేస్తే ఒక్క గింజ గూడా పక్కకు పోదు" అని అందరితో చెప్పేవాడు. అది విని నేను పొంగిపోయేదాన్ని.

అట్లాంటి తాత, నేను ఐదో తరగతి పాసైన ఏడు, తర్లుపాడు హైస్కూలు మాట రాగానే ఒక్కటే పట్టు పట్టాడు. దూరం. ఆడపిల్ల అంత దూరం నడవలేదు. నాయనకు నన్ను పంపాలని ఉంది. కానీ తండ్రికి ఎదురుచెప్పే మనిషి కాదు. అమ్మ చంటి తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని జోకొడుతూ కూర్చునేది. బడులు తెరిచే రోజు దగ్గరపడుతోంది. నేను రాత్రీ పగలూ ఏడ్చాను. తాత నా ఏడుపు వినలేక పశువుల కొట్టంలోకి పోయి కూర్చునేవాడు గానీ సరే అనేవాడు కాదు.

ఒక సాయంత్రం సుగుణమ్మ టీచరు స్వయంగా మా ఇంటికి వచ్చింది. తాత గౌరవంగా నులకమంచం వాల్చాడు. "టీచరమ్మా, మీరు చెప్తే కాదనకూడదు. కానీ ఎంత దూరమో మీకు తెల్దా?" అన్నాడు. గోడకానుకుని కూర్చున్న నాయన ఉండబట్టలేక "ఇరవై రెండు ఫర్లాంగులు" అన్నాడు. ఆ లెక్క అప్పుడు చెప్పాల్సింది కాదు. అవ్వ ఆయన వైపు చూసిన చూపు నాకింకా గుర్తు.

టీచరు మాత్రం నవ్వింది. "తాతా, ఫర్లాంగంటే ఏందో తెలుసా నీకు?" అంది. మా ఊళ్లో దొరలనాటి ఇంగ్లీషు మాటలకు అర్థాలు వెతికేది ఆమె ఒక్కతే. అట్టలూడిన పెద్ద నిఘంటువు ఒకటి పెట్టుకుని, వడ్లలో రాళ్లు ఏరినట్టు మాటలు ఏరేది. "ఎప్పుడో వందల ఏండ్ల కింద, ఇంగ్లీషోళ్ల దేశంలో గజంబద్దలూ గొలుసులూ లేని కాలంలో, రైతులు దూరాన్ని ఎద్దులతో కొలిచేవాళ్లంట. ఎద్దులు అలుపు తీర్చుకోకుండా ఒక్క ఊపున ఎంత పొడుగు సాలు తోలతాయో, అదీ ఫర్లాంగు. ఫర్రో అంటే సాలు. లాంగంటే పొడుగు. సాలు పొడుగు, అంతే ఆ మాటకర్థం. ఆ సాలు పొడుగుకు ఇప్పటి లెక్కన ఒక గొలుసు, అంటే అరవై ఆరడుగుల వెడల్పు పెడితే ఎకరం. ఒక పొద్దులో దున్నే నేలన్నమాట."

తాత కూర్చున్న చోటి నుంచి లేచాడు. "దొరలు దున్నినారా?" అన్నాడు.

"దొరలు కాదు తాతా. ఆడా నీలాంటోళ్లు ఉండారు గదా."

ఆ సంగతి తాతకు ఎవరూ చెప్పలేదు. దొరలంటే గుర్రాలెక్కి వచ్చి శిస్తు అడిగేవాళ్లని విన్నాడే గానీ, వాళ్ల దేశంలో కూడా ఒకడు మేడి పట్టుకుని, చెమట తుడుచుకుని, ఎద్దులను అదిలించి ఉంటాడని ఊహించలేదు. కాసేపు ఆ మనిషిని తలుచుకున్నాడు కాబోలు, ముఖం మెత్తబడింది. కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. "అంటే, వాళ్ల ఎద్దులు ఫర్లాంగుకే నిలబడిపోయేవా?" అన్నాడు. ఆ గొంతులో జాలి ఉంది, అంతకు మించిన గర్వమూ ఉంది. టీచరు వచ్చిన పని తేలకుండానే ఇంటికి వెళ్లింది. తాత మాత్రం అన్నం ముందు కూర్చుని కూడా "ఫర్లాంగుకేనంట" అని రెండుసార్లు అనుకున్నాడు.

తెల్లారి విత్తనాలు వేసే పని ఉంది. అంతకు రెండురోజుల ముందే తొలకరి పడింది. నేను ఒడిలో కందులు పోసుకుని, ఏడ్చిన కళ్లతో తాత వెనకాల నడిచాను. రోడ్డెక్కగానే రెండో నంబరు రాయి దగ్గర తాత ఆగాడు.

"పాపా, మీ నాయన సున్నం కొట్టే రాయి ఇదేనా?"

"ఇదే తాతా."

"దీని తరవాతది?"

"అదిగో, తుమ్మచెట్టు పక్కన తెల్లగా కనబడతంది సూడు. దాని మీద మూడుంటది."

తాత ఒక కన్ను మూసి చూశాడు. భుజం మీది నాగలి దించాడు. ఎద్దులను రోడ్డు మార్జినులోకి దింపి కాడికి కట్టాడు. వానకు అక్కడి మట్టి వెన్నలా మెత్తబడి ఉంది. నాకు విషయం అర్థమయ్యేలోపే కర్రు నేలలోకి దిగింది. నాయన ఏడాది పొడవునా చదును చేసి, అంచు కట్టి, కంప కొట్టి కాపాడుకునే సర్కారు రోడ్డు మార్జినును మా తాత దున్నడం మొదలుపెట్టాడు.

ఎర్రోడికీ మచ్చోడికీ అంత నేల ఎదురుగా ఎన్నడూ దొరకలేదు. మొదట అలవాటు చొప్పున ముప్పై అడుగులకే మెడలు తిప్పబోయాయి. గట్టు రాలేదు. తాత "పదండ్రా అయ్యా" అన్నాడు. అవి నమ్మలేనట్టు నడిచి, తర్వాత నమ్మి, నడక అందుకున్నాయి. కూలికి పోతున్న ఆడవాళ్లు నిలబడి చూశారు. మార్కాపురం బస్సు నెమ్మదించింది. డ్రైవరు తల బయట పెట్టి "ఏంది పెద్దాయనా, రోడ్డును గుత్తకు తీసుకుంటివా?" అని అరిచాడు. బస్సంతా నవ్వింది. తాతకు ఏమీ వినబడలేదు. నా ముందు సాలు విచ్చుకుంటూ పోతోంది. సాలును ఖాళీగా వదిలేయడం నా చేతికి తెలియదు. జానకొకటి, జానకొకటి, కందులు వేసుకుంటూ నేనూ పోయాను.

మూడో రాయి దాటింది. ఎద్దులు ఆగలేదు. తాత ఆపలేదు. ఇంకో యాభై అడుగులు పోయాక కల్వర్టు అడ్డం వచ్చింది, అప్పుడు నిలబడ్డాయి. తాత వెనక్కి తిరిగాడు. తిన్నగా, ఎక్కడా మళ్లకుండా, ఒక్కటే గీత. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. కళ్లూ తుడుచుకున్నాడు. "నా జన్మలో ఇంత పొడుగు సాలు తోల్లేదు పాపా" అన్నాడు. ఆ రోజు మా తాత ముఖంలో కనిపించినంత సంతోషాన్ని నేను తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పండగల్లో చూసినా మరొకరి ముఖంలో చూడలేదు.

అప్పటికే నాయన పారా గంపా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "నాయనా! ఓవర్సీరు వస్తే నేనేం చెప్పాల? నా పని పోతాది" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆయన వెనకాలే అవ్వ సంగటి గంపతో వచ్చింది. తాత కొడుకు గోడు పట్టించుకోలేదు.

"ఆ దేశపోళ్లకు చెప్పండి. నా ఎద్దులు ఫర్లాంగు దాటినా ఊపిరి కూడా మార్చలేదు. ఈ కల్వర్టు అడ్డమొచ్చింది గానీ, లేకుంటే తర్లుపాడు దాకా ఒక్క సాలున పోయేటివి."

అవ్వ గంప దించింది. "తర్లుపాడు దాకానా?" అంది, చాలా మెత్తగా.

"తర్లుపాడు దాకానే!"

"ఎద్దులెంబడి గింజలేసుకుంటా ఎవరు పోతారు?"

"ఎవరేంది? పాపే."

"నిలబడకుండా?"

"పాప ఎప్పుడన్నా నిలబడిందా?"

"అట్లయితే బడికి పొయ్యేదానికి దూరమెట్లయింది అయ్యా?"

నాయన నెత్తి మీది చేతులు దించాడు. నేను ఒడి గట్టిగా పట్టుకున్నాను. తాత నేల చూస్తూ, "మరి నా సాలెంబడి గింజలెవరేస్తారు?" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు అంత చిన్నది కావడం నేనెప్పుడూ వినలేదు. ఇన్నాళ్ల దూరం సంగతి అదన్నమాట. అవ్వకది ముందే తెలుసేమో, నవ్వలేదు. "నేను చచ్చినానా? ఇది పుట్టకముందు ఏసిందెవరు?" అని తాత చేతిలో సంగటి ముద్ద పెట్టింది. తాత తిన్నాడు. అదే ఒప్పుకోలు.

నాయన ఆ పగలంతా భయంతో సాలును పూడ్చాడు. మట్టి లాగి, సమం చేసి, కాళ్లతో తొక్కాడు. లోపల కందులున్నాయని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. పూడ్చినకొద్దీ విత్తనాలను బాగా కప్పినట్టయింది. వారం తిరిగేసరికి ఆ మార్జిను పొడవునా, రెండో రాయి నుంచి మూడో రాయి దాటి కల్వర్టు దాకా పచ్చగా వరస మొలిచింది. ఓవర్సీరు వచ్చేనాటికి అది మోకాలెత్తు పెరిగింది. ఆయన మోటారుసైకిలు దిగి ఆ కొసా ఈ కొసా చూసి "ఇదేంది?" అన్నాడు. "వానకు అంచు కోసుకుపోకుండా ఏసినామయ్యా" అన్నాడు, పుట్టి ఎన్నడూ అబద్ధమాడని మా నాయన. ఓవర్సీరు నవ్వి, కాయలయ్యాక తన ఇంటికీ ఒక గంపెడు పంపమన్నాడు. ఆ చలికాలమంతా హైస్కూలు నుంచి వస్తూ ఆ వరసలోనే కందికాయలు కోసుకుని ఒడి నింపుకునేదాన్ని. అవ్వ ఉప్పేసి ఉడకబెట్టేది.

మొన్న తమ్ముడు నా ఫోనులోనే దూరం చూపించాడు. మా ఊరి నుంచి ఆ స్కూలుకు నాలుగు కిలోమీటర్ల చిల్లర, ఆటోలో ఏడు నిమిషాలు. దారి చెప్పే గొంతు ఎన్ని మీటర్లలో మలుపు తిరగాలో కూడా చెబుతోంది. మా నాయన వినుంటే ఎంత సంబరపడేవాడో. ఇప్పుడు తమ్ముడి మనవరాలిని స్కూలు బస్సు వాకిట్లో ఎక్కించుకుని పోతుంది. అది నాకు సంతోషమే. మేం పడ్డ నడక పిల్లలూ పడాలని కోరుకునేదాన్ని కాదు. ఇప్పుడు దారి అడిగిన వాళ్లకు అబద్ధం చెప్పి కాళ్లకు బలమిచ్చే మనిషి మాత్రం దొరకడు. ఆ బండను కోడలి దగ్గర నుంచి నేను లాక్కోలేదు. ఉతుకుడుకు బాగా కుదిరిందట. మూడు చెరిగిపోకుండా ఆ ముఖాన్ని మాత్రం పక్కకు తిప్పించి వచ్చాను.

బడి మొదటి రోజు తాత పలకా పుస్తకాల సంచి తానే భుజాన వేసుకున్నాడు. మూడో రాయి దాకా వచ్చి ఆగిపోతానన్నాడు. అప్పుడే తలెత్తుతున్న కంది మొలకల పక్కనుంచి నడిచాం. రాయి వచ్చింది. "ఇంకో ఫర్లాంగు వస్తాలే" అన్నాడు. నాలుగో రాయి దగ్గరా అదే మాట, ఐదో రాయి దగ్గరా అదే మాట. మైలురాయి దాటాం, మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. ప్రతి రాయి దగ్గరా నేను ఆగి చూడటం, ఆయన సంచి ఇవ్వకుండా "ఇంకో ఫర్లాంగు" అనడం. ఎండ ఎక్కింది. ఎద్దులు లేకుండా అంత దూరం నడిచి ఎన్నాళ్లయిందో, చివరికి ఒక కాలు ఈడుస్తున్నాడు. స్కూలు గేటు దగ్గర బెల్లు కొట్టే ప్యూను తాత చెమటా దుమ్మూ చూసి జాలిపడి, కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చాడు.

"యాడి నుంచి పెద్దాయనా, చానా దూరమా?"

తాత నీళ్లు తాగి, చెంబు తిరిగిచ్చి, సంచి తీసి నా భుజానికి తగిలించాడు.

"ఎంతో లేదయ్యా," అన్నాడు. "ఫర్లాంగే."